చెమ్మ నంబరు 212

బందరు ప్రయోగ చిత్రశాలలో రెండో హాలు దక్షిణపు గోడకి చెమ్మ పట్టి మూడేళ్ళయింది. డాబా మీద పిట్టగోడ మొదట్లో పగులుంది. వాన నీళ్ళు అందులోంచి గోడలోకి దిగేవి. గోడకి ఇటువైపు చిత్రశాల, అటువైపు పేరిందేవి ఇల్లు. గోడ ఉమ్మడిది.

పేరిందేవి అప్పడాలు చేయించి అమ్ముతుంది. ఆమె దగ్గర ఎనిమిదిమంది ఆడవాళ్ళు పని చేస్తారు. ఎండిన అప్పడాలు కట్టలు కట్టి ఆ గోడ పక్కనే పేరుస్తారు. ఇంట్లో మరో చోటు లేదు. కట్టలకి బూజు పడుతోందని ఆమె చిత్రశాలకి మూడేళ్ళలో పదకొండు అర్జీలు పెట్టింది. పదకొండోది పని చేసింది. పగులు పూడ్చడానికి అనుమతి వచ్చింది. గంగులు అనే తాపీ మేస్త్రి జులై పదిహేడు, గురువారం ఉదయం రావాలి.

బుధవారం అమూర్త్ వచ్చాడు.

అమూర్త్ ఢిల్లీలో ఉంటాడు. రేషను కార్డులో పేరు వేరే ఉందంటారు. బొమ్మలు వేయడం మానేసి పంతొమ్మిదేళ్ళయింది. ఒక విదేశంలో ఖాళీ గదికి తాళం వేసి, నలభై రోజులు తాళంచెవిని ప్రదర్శనకి పెట్టాడు. ఆ తర్వాత ఆయన మాటకి విలువ పెరిగింది. చిత్రశాలలో పని చేసుకునే పదిహేడుమంది చిత్రకారులకి, అంటే ప్రయోగ బృందానికి, ఆయన ఒకరోజు పాఠం చెప్పడానికి ఒప్పుకున్నాడు.

పదకొండుంపావుకి ఆయన చేతులు కడుక్కోవడానికి చోటు ఎక్కడని అడిగాడు. కుళాయి రెండో హాలు దాటాక ఉంది. ఆయన రెండో హాలు దాటలేదు. చెమ్మ ముందు ఆగి నలభై నిమిషాలు నిలబడ్డాడు. వెనకాల పదిహేడుమందీ నిలబడ్డారు. డైరెక్టరు శేషశయనం టీ ఆపించారు. ఆయన ఇక్కడికి రాకముందు చేపల శాఖలో ఐస్ ఫ్యాక్టరీలు చూసేవారు.

"ఇది ఎవరిది?" అన్నాడు అమూర్త్, ఇంగ్లీషులో.

"వానది సార్. రేపే మూసేస్తున్నాం" అన్నారు శేషశయనం.

"ఈ భవనంలో ఎవరూ చెయ్యనిది ఇదొక్కటే. మిగతావన్నీ ఎవరో చేసినవి. అదే వాటి లోపం."

అమూర్త్ డైరెక్టరు జేబులోంచి పెన్సిలు తీసుకుని మరక కింద, కుడి మూల, సంతకం పెట్టాడు. దాని పేరు 'రాక' అని చెప్పాడు. చేతులు కడుక్కుని సాయంత్రం రైలుకి వెళ్ళిపోయాడు.

బృందం నాయకుడు భార్గవ పదకొండేళ్ళుగా గుర్రాలు వేస్తున్నాడు. ఆ రాత్రి భోజనాల వేళకి గుర్రాలన్నీ గోడల మీంచి దిగిపోయాయి.

గురువారం ఉదయం గంగులు సిమెంటు బస్తాతో గేటు దగ్గరికొచ్చాడు. గేటు దగ్గర అటెండరు ఏసుపాదం ఉన్నాడు.

"ఏందన్నా, గేటు తీయవే?"

"గోడ ముట్టుకోకూడదంట."

"ఎవరన్నా పోయారా?"

"పోలేదు. సంతకం పెట్టారు."

గంగులు బస్తా సైకిలు మీద ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

అదే రోజు శేషశయనం కళాకృతుల రిజిస్టరు తెప్పించి తన చేత్తో రాశారు. నంబరు: 212. పేరు: రాక. దేంతో చేసినది: వాన నీరు, సున్నం, ఉప్పు. కొలత: నిలువు నాలుగడుగుల రెండంగుళాలు, అడ్డం మూడడుగుల ఒక అంగుళం. స్థితి: తడి. సంరక్షకుడు: అటెండరు బి. ఏసుపాదం.

కొలత రాయడం ఆయన చేసిన పొరపాటు. ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మ కొలత రాయకుండా రిజిస్టరు మూయరు. ఆ అలవాటు పోలేదు. రిజిస్టరులో రాసిన వస్తువు రాసిన కొలతలో, రాసిన స్థితిలో ఉండాలన్నది నియమం. ఉందో లేదో చూడడానికి ప్రతి సోమవారం పదిన్నరకి టేపుతో కొలవాలని ఉత్తర్వు వచ్చింది. కొలిచేటప్పుడు టేపు గోడకి తగలకూడదు. అమూర్త్ తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు.

ఆగస్టులో వానలు పడ్డాయి. నాలుగడుగుల రెండంగుళాలు కాస్తా అక్టోబరుకి అయిదడుగులైంది. పేరిందేవి ఆఫీసుకి వచ్చింది. చేతిలో అప్పడాల కట్ట ఉంది. శేషశయనం బల్ల మీద పెట్టి విప్పింది.

"చూడండి బాబూ. పచ్చగా ఎట్లా ఉందో."

"అమ్మా, ఇది ఆహార పదార్థం. దీనికి సంబంధించిన శాఖ వేరే ఉన్నది."

"నీళ్ళు మీవి గదా."

"అవి నీళ్ళు అనుటకు వీలులేదు. మీ ఇంట్లోకి వచ్చినది కళాకృతి నంబరు 212 యొక్క వెనుక భాగం. తత్సంబంధంగా మీకు ఒక నోటీసు కూడా సిద్ధమగుచున్నది."

నోటీసు అప్పుడే టైపై వచ్చింది. వెనుక భాగానికి సున్నం వేయరాదు, మేకులు కొట్టరాదు, క్యాలెండర్లు తగిలించరాదు. తనిఖీకి వచ్చిన అధికారులకు దారి ఇవ్వవలెను.

పేరిందేవి రెండుసార్లు చదివింది.

"మీ రిజిస్టరులో నాలుగడుగుల రెండంగుళాలని ఉందంట. ఇప్పుడు అయిదడుగులుంది. ఆ పైది మీది కాదుగా. అంతవరకైనా సున్నం వేసుకోనీయండి."

శేషశయనం కళ్ళద్దాలు తీశారు. ఈ ప్రశ్న ఆయనకి అంతవరకూ తట్టలేదు.

"మీరు లేవనెత్తిన అంశం పరిశీలనార్హమైనది. నమోదైన పరిమాణమునకు మించిన తడిని కళాకృతిగా గుర్తించుట కుదరదు. కాగా, ఏది నమోదైన తడి, ఏది అదనపు తడి అన్న విషయమై నిపుణుల అభిప్రాయం కోరవలసి ఉన్నది."

అయిదుగురితో అదనపు తడి నిర్ధారణ సంఘం ఏర్పడింది. సంఘం నాలుగుసార్లు కూర్చుంది. అదనం మరక పై అంచున చేరిందని ఇద్దరు, కింది అంచున చేరిందని ఇద్దరు రాసి ఇచ్చారు. భార్గవ మాత్రం తడి అంతా ఒకటేనని, విడదీయడం హింస అని రాశాడు. ఫైలు మీద తేల్చేలోగా చలికాలం వచ్చింది. మరక తనంతట తానే వెనక్కి తగ్గింది. సంఘం పని విజయవంతంగా ముగిసినట్టు నమోదైంది.

ఈలోగా ప్రయోగ బృందం మారిపోయింది. చేసినది కళ కాదు, రానిచ్చినది కళ అన్నది వాళ్ళ నియమం. పదిహేడుమందీ గోడలు వెతుక్కున్నారు. కొత్త అపార్టుమెంట్లలో ఉన్నవాళ్ళు చిక్కుల్లో పడ్డారు. వాళ్ళ గోడలు ఎంతకీ పొడిగానే ఉన్నాయి. ఒకామె పిన్నిగారి పాతింట్లో స్నానాలగది వెనక గోడ అడిగి తీసుకుంది. "కారే ఇల్లు అద్దెకు కావలెను. మరమ్మతులు చేసినవి వద్దు" అని స్థానిక పత్రికలో ప్రకటన పడింది. బ్రోకర్లు మొదట నవ్వారు, తర్వాత డాబాలెక్కి చూడడం మొదలెట్టారు. జనవరిలో జరిగిన 'తడి' ప్రదర్శనకి జనం వచ్చారు. వెళ్ళేటప్పుడు తుమ్మారు.

కుంచెల మీద నిషేధం కూడా అప్పుడే వచ్చింది. తొమ్మిదో నియమం: చిత్రశాల ఆవరణలో బొమ్మలు వేయరాదు. కుంచెలు, రంగులు, వగైరా గేటు వద్ద అప్పగించవలెను. ఏసుపాదం నలభై మూడు కుంచెలకి చీటీలు కట్టి గేటు గదిలో పెట్టాడు. అందులో భార్గవ సేబుల్ కుంచె ఒకటి, మెత్తటి జంతువు బొచ్చుతో చేసిన ఖరీదైనది. ఏసుపాదం దాన్ని రెండుసార్లు తీసి వెంట్రుకలు బొటనవేలి మీద రాసుకుని చూశాడు. అలాంటి కుంచె ఎప్పుడూ అతని చేతికి రాలేదు.

అటెండరు కాకముందు ఏసుపాదం సినిమా హాళ్ళకి బ్యానర్లు వేసేవాడు. వాన పాట ఉందంటే అతన్నే పిలిచేవారు. చీర తడిసి ఒంటికి అంటుకున్నట్టు వేయడంలో అతని చెయ్యి ఏలూరు దాకా తెలుసు. ఫ్లెక్సీలు వచ్చాక ఎవరూ పిలవలేదు.

మార్చిలో ఎండలు ముదిరాయి. ఒక సోమవారం మరక మూడడుగుల తొమ్మిదంగుళాలు తేలింది. ఏసుపాదానికి మెమో వచ్చింది. "మీ సంరక్షణలోని కళాకృతి అయిదు అంగుళములు తగ్గినందుకు కారణములు మూడు దినములలో తెలుపవలెను."

ఏసుపాదం రాసిన జవాబు ఒక వాక్యం: "ఎండలు ఎక్కువగా ఉన్నాయండి."

దాని మీద శేషశయనం ఇలా రాశారు: "ఎండలు ఈ కార్యాలయ పరిధిలోనికి రావు. సంజాయిషీ తృప్తికరముగా లేదు."

మరక పెరగడానికి ఏర్పాట్లు జరిగాయి. డాబా మీద పగులు చుట్టూ జానెడు ఎత్తు ఇటుకలతో తొట్టి కట్టారు. దాన్ని రోజుకి రెండుసార్లు నింపాలి. పగులు మూస్తామంటే మూడేళ్ళు పట్టిన ఫైలు, పగులుకి నీళ్ళు పెడతామంటే మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. అయినా ఇటువైపు గోడకి ఎండ తగిలి మరక తగ్గుతూనే ఉంది. అటువైపు ఎండ తగలదు. తొట్టి నీళ్ళు అటే దిగాయి. ఏప్రిల్ ఆఖరికి పేరిందేవి ఇంట్లో గోడ పెచ్చులు ఊడి అప్పడాల మీద పడుతున్నాయి. ఏసుపాదానికి రెండో మెమో వచ్చింది.

మే మొదటి వారంలో పేరిందేవి గేటు దగ్గరికొచ్చి బల్ల మీద కూర్చుంది.

"ఏసుపాదం, నువ్వన్నా చెప్పు. నేను చేసిన తప్పేంటి?"

"మీ ఇల్లు గోడకి అటువైపు ఉండటం, అక్కగారూ."

"మొన్న పెళ్ళి వంటలవాళ్ళు రెండు వేల అప్పడాలు వెనక్కి పంపారు. నూనెలో వేస్తే పొంగట్లేదంట. తడిగుడ్డలా పడుంటున్నాయంట. జూన్‌లో ఇంకొక్క పెళ్ళికి ఇచ్చి చూస్తామన్నారు. అవీ తిరిగొస్తే నా దగ్గర చేసే ఎనిమిదిమందికీ రావద్దని చెప్పాలి. ఎట్లా చెప్పను? కోటమ్మ మా అత్త హయాం నుంచీ ఒత్తుతోంది."

"నాకూ రెండు మెమోలు అయినయ్యి. మూడోదొస్తే నన్నూ రావద్దంటారు."

"నీకేమో తడి కావాలి, నాకేమో పొడి కావాలి. ఉన్నదేమో ఒకటే గోడ."

ఏసుపాదం లేచి రెండో హాలులోకి వెళ్ళి మరకని చూసి వచ్చాడు.

"వీళ్ళకి కావాల్సింది తడి కాదక్కగారూ. తడి కనపడటం."

"అంటే?"

"ఆదివారం గంగుల్ని రమ్మనండి. మీ డాబా మీంచి ఎక్కమనండి. మధ్యాహ్నం ఇక్కడ ఎవరూ ఉండరు, నేను తప్ప."

ఆదివారం గంగులు పేరిందేవి డాబా మీంచి దిగి పగులు పూడ్చాడు. రెండు గంటల పని. తొట్టి అలాగే వదిలేశాడు. తర్వాత అందులో నీళ్ళు పోసినా కిందికి దిగేవి కావు. కాకులు స్నానాలు చేసేవి.

గోడ ఒక్కరోజులో ఎండదు. ఎంత ఎండితే అంత మేర ఏసుపాదం ప్రతి ఆదివారం వేసుకుంటూ వచ్చాడు. టీ డికాక్షన్, మసి, కొంచెం నీలిమందు, జిగురు. ఉప్పు పొరలకి సుద్ద. అంచు దగ్గర రంగు ఎక్కడ ముదరాలో, ఎక్కడ వదిలెయ్యాలో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. వాసన కోసం తడి గోనెపట్టా ఒకటి కిటికీ కింద పడేశాడు. సంతకం జోలికి పోలేదు. జూన్ రెండో ఆదివారానికి గోడ మొత్తం పొడి. మరక మొత్తం బొమ్మ.

సోమవారం టేపు పెట్టారు. నిలువు నాలుగడుగుల రెండంగుళాలు. అడ్డం మూడడుగుల ఒక అంగుళం. శేషశయనం మళ్ళీ కొలవమన్నారు. అంతే వచ్చింది. సోమవారం టేపుకి మరక రిజిస్టరు ప్రకారం తేలడం ఇదే మొదటిసారి. ఆయన ఏసుపాదం మెమోలు రెండూ ఉపసంహరిస్తూ, "కళాకృతి క్రమశిక్షణకు లోబడినది" అని రాశారు.

ఆ వారమే భార్గవ తన సేబుల్ కుంచె ఎలా ఉందో చూసుకోవడానికి గేటు గదికి వచ్చాడు. ఏ ఊళ్ళో ప్రదర్శనకి వెళ్ళినా కుంచె గుర్తొస్తోందని ఎవరితోనూ అనలేడు. చీటీ చూసి తీశాడు.

"తడిగా ఉందేమిటయ్యా?"

"చెమ్మ సార్" అన్నాడు ఏసుపాదం. "గేటు దాకా వచ్చింది."

భార్గవ కళ్ళు చెమర్చాయి. ప్రయోగం గోడ దాటి నడుస్తోందని బృందం పత్రికలో నాలుగు పేజీలు రాశాడు.

పేరిందేవి గోడకి రెండు పూతలు సున్నం వేయించింది. నోటీసు సంగతి గుర్తుంది. తలుపు వేసే ఉంచింది. మేకు కొట్టి క్యాలెండరు తగిలించింది. జూన్ పెళ్ళికి అప్పడాలు వెళ్ళాయి. తిరిగి రాలేదు. వంటలవాళ్ళు శ్రావణంలో ముహూర్తాలకి ఆరు వేలు కావాలన్నారు.

జులై పదహారుకి సంవత్సరం నిండింది. అమూర్త్ మళ్ళీ వచ్చాడు. బయట వాన కురుస్తోంది. రెండో హాలులో పదిహేడుమంది, అధికారులు, విలేకరులు. మరక చుట్టూ తాడు. తాడు పట్టుకుని ఏసుపాదం. అమూర్త్ తాడు దాటి లోపలికి వెళ్ళి నిలబడ్డాడు. ఈసారి నలభై అయిదు నిమిషాలు.

"నిరుటి కంటే ప్రాణంగా ఉంది" అన్నాడు. విలేకరులు రాసుకున్నారు.

ఆ తర్వాత చూపుడువేలు చాచి మరకని ముట్టుకున్నాడు.

వేలు తడవలేదు. వానగాలికి మెత్తబడ్డ రంగు గోధుమరంగు చారలా అంటింది. అమూర్త్ వీపు జనం వైపు ఉంది. ఆ వేలు చూసింది ఆయనా, ఏసుపాదమూ. అమూర్త్ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఆయన ఏసుపాదం గోళ్ళ వైపు చూశాడు. గోళ్ళ సందుల్లో మసి ఉంది.

శేషశయనం ముందుకొచ్చారు.

"సార్, వెనుక భాగమును కూడా తమరు తిలకించవలసినదిగా కోరుచున్నాము. పక్క ఇంటివారికి నోటీసు ఇవ్వబడియే ఉన్నది. ఇప్పుడే వెళ్ళవచ్చును."

ఏసుపాదం చేతిలో తాడు కిందికి జారింది. అటువైపు ఉన్నది తెల్లటి సున్నం, మేకు, క్యాలెండరు. తనిఖీ జరిగితే గంగులు పూడ్చిన పగులు బయటపడుతుంది. తెల్లారేసరికి పగలగొట్టిస్తారు.

అమూర్త్ జేబులోంచి చెయ్యి తీయకుండానే కిటికీ వైపు చూశాడు.

"రేపు" అన్నాడు. "పదకొండింటికి. ఇవాళ వెలుతురు బాగాలేదు."

అందరూ భోజనాలకి కదిలారు. అమూర్త్ వెనకబడ్డాడు. ఆయన ఏసుపాదం పక్కకి వచ్చి, గోడ వైపే చూస్తూ, తెలుగులో మాట్లాడాడు. ఆయనకి తెలుగు వచ్చని అంతవరకూ ఎవరికీ తెలీదు.

"ఉప్పు మరీ తెల్లగా వేశావు. అటువైపు కొంచెం తగ్గించు."

"అలాగే సార్."

"కుంచె ఎవరిది?"

"భార్గవ గారిది సార్. గేటులో అప్పగించారు."

"కడిగి పెట్టు" అని భోజనానికి వెళ్ళాడు.

మధ్యాహ్నం రెండింటికి ఏసుపాదం కుంచెలు లుంగీలో చుట్టుకుని పేరిందేవి ఇంటికి వెళ్ళాడు. సంగతి విని ఆమె గోడకి అడ్డంగా నిలబడింది.

"మొన్ననే గదయ్యా సున్నం వేయించుకున్నాను! రెండు పూతలు!"

"తడి రాదక్కగారూ. బొమ్మే."

"చూసేవాళ్ళకి తడే గదా. మా ఇల్లు కారుతోందనుకోరూ?"

"అనుకోవాలనే."

కోటమ్మ పీట మీంచి లేవకుండానే అంది. "వేయనీవమ్మా. పొడిగా ఉండి తడని పేరుంటే మనకి పోయేదేముంది?"

పేరిందేవి ఆలోచించి పక్కకి తప్పుకుంది.

ఏసుపాదం అద్దంలో చూసినట్టు ఎడమది కుడికి, కుడిది ఎడమకి తిప్పి వేశాడు. ఉప్పు తగ్గించాడు. ఆడవాళ్ళు అప్పడాలు ఒత్తుతూ చూశారు. ఒకామె కట్టలు గోడకి దూరంగా జరిపి, నాలిక కరుచుకుని మళ్ళీ దగ్గరికి జరిపింది.

"ఆ మేకు కిందనే ఆపు" అంది పేరిందేవి. "క్యాలెండరు పెట్టుకోవాలి."

అతను మేకు కింద ఆపాడు. లెక్కకి నాలుగడుగుల రెండంగుళాలు అక్కడికే వచ్చింది.

మర్నాడు పదకొండింటికి అమూర్త్, అధికారులు, బృందం లోపలికి వచ్చారు. టేపు పెట్టారు. కొలత సరిపోయింది. అమూర్త్ అయిదు నిమిషాలే చూశాడు. "ఇది ముందు భాగం కంటే బాగుంది" అన్నాడు. ఏసుపాదం తల వంచుకున్నాడు. అతను బొమ్మలు వేయడం మొదలెట్టాక ఇంకో చిత్రకారుడు అతని పనిని మెచ్చుకోవడం అదే మొదటిసారి. వేసింది తనేనని చెప్పుకోవడానికి లేదు.

వెనుక భాగానికి 212-ఎ నంబరు ఇచ్చారు. సందర్శకులను పది నుంచి నాలుగు వరకు అనుమతించాలని పేరిందేవికి ఉత్తర్వు వచ్చింది. ఆమె చెప్పులు బయట విడవాలని బోర్డు పెట్టింది. బోర్డు ఏసుపాదం రాశాడు. ఆవరణ బయట కాబట్టి తొమ్మిదో నియమం వర్తించలేదు.

శ్రావణంలో గుంటూరు నుంచి చిత్రకళ చదివే పిల్లలు వచ్చారు. మరక ముందు నిలబడి రాసుకున్నారు. ఒకమ్మాయి రాసుకోవడం ఆపి, మరకకి ఆనించి పేర్చిన అప్పడాల కట్టలు చూసింది. ఆరు వేలు. బయట వాన పడుతోంది. పొయ్యి మీద కోటమ్మ ఒక అప్పడం వేయించి చూస్తోంది. అది మూకుడు నిండా పొంగింది.

"ఏమండీ, ఇంత చెమ్మలో అప్పడాలు ఎలా నిలవుంటున్నాయి?"

పేరిందేవి కట్టకి దారం బిగించి ముడి వేసింది.

"ప్రభుత్వం వారి చెమ్మమ్మా" అంది. "రిజిస్టరు దాటి రాదు."